పొగ లేదు, లీకు లేదు, ఆయిల్ మాత్రం మిగలదు

ఆ బండి మా షెడ్డుకు వచ్చేసరికే రెండు చోట్ల తిరిగింది. 1.8 లీటర్ల పెట్రోల్ ఇంజిన్, నాలుగు సిలిండర్లు, పదహారు వాల్వులు, టర్బో లేదు. ఏడేళ్ల వయసు, 1,28,000 కి.మీ. తిరిగింది, మొదటినుంచీ ఒకే ఓనరు. ఆయన కంప్లయింట్ ఒక్క ముక్కలో చెప్పారు: "ఆయిల్ తాగుతోందండీ. ఎటు పోతోందో ఎవరూ తేల్చడం లేదు."

ఈ కేసును మొదటినుంచీ చివరిదాకా రాసిపెట్టడానికి ఒక కారణం ఉంది. మధ్యలో నేనొక పెద్ద పని చేశాను. ఆ పని వద్దని చెప్పే ఆధారాలు అప్పటికే నా నోట్‌బుక్‌లో, నా చేతిరాతతోనే ఉన్నాయి. ఓనరునూ బండినీ గుర్తుపట్టే వివరాలు తీసేశాను. అంకెలు అలాగే ఉంచాను.

అంతకుముందు జరిగినవి

మొదటి చోట లీకు అనుకుని వాల్వ్ కవర్ గాస్కెట్, క్రాంక్ ముందు సీలు మార్చారు. తేడా రాలేదు. రెండో చోట 5డబ్ల్యూ-30 ఆయిల్ తీసేసి, దానికంటే చిక్కటి 20డబ్ల్యూ-50 పోశారు. కొన్నాళ్లు తగ్గినట్టు అనిపించి మళ్లీ మామూలైంది. ఎవరో చెప్పారని ఓనరు ఒక సీసా అడిటివ్ కూడా పోశారు. దారిలో అయిపోతుందేమోనన్న టెన్షన్‌తో పై గీత దాటించి పోయడం కూడా అలవాటైంది. ఇది మంచిది కాదు. మరీ ఎక్కువైతే తిరిగే క్రాంక్ ఆయిల్‌ను చిలుకుతుంది, ఆ తుంపర బ్రీథర్ (ఇంజిన్ లోపలి ఆవిర్లు పోయే గొట్టం) దారిన ఇన్‌టేక్‌లోకి పోతుంది. అంటే జాగ్రత్త కోసం పోసిన ఆయిలే కొంత ముందుగా కాలిపోతుంది.

వాడకం గురించి అడిగాను. రోజుకు చాలాసార్లు ఆరేడు కి.మీ. చొప్పున ప్రయాణం, ప్రతిసారీ ఇంజిన్ సరిగ్గా వేడెక్కేలోపే ఆపేయడం. ఆయిల్ మార్చేది 15,000 కి.మీ.కు ఒకసారి, రెండు సార్లు 20,000 కూడా దాటింది. వీటన్నిటికంటే ఆయన మాటవరసకు అన్న ఒక ముక్క నాకు ఎక్కువ పనికొచ్చింది: "లోకల్‌గా తిరిగినంతకాలం ఏమీ తగ్గదు. ఒక్కసారి హైవే మీద వెళ్లొస్తే డిప్‌స్టిక్ ఖాళీ."

హైవే స్పీడుకు ఆయిల్ కాలిపోతోందని రెండో మెకానిక్ చెప్పాడట. అందులో కొంత నిజం ఉంది. కానీ అసలు సంగతి ఇంకొకటి. చల్లని ఇంజిన్‌తో చిన్న చిన్న దూరాలు తిరిగితే కాలని పెట్రోలు కొంత సిలిండర్ గోడల వెంట జారి, ఇంజిన్ అడుగున ఆయిల్ ఉండే చాంబర్‌లోకి దిగుతుంది. ఒకవైపు ఆయిల్ తగ్గుతుంటే, ఇంకోవైపు పెట్రోలు వచ్చి ఆ లోటును కప్పేస్తుంది. డిప్‌స్టిక్ మీద మట్టం కదలదు. హైవే మీద గంటన్నర నడిస్తే ఆయిల్ బాగా వేడెక్కి, అందులోని పెట్రోలు ఆవిరై పోతుంది. నెలరోజుల లోటంతా ఒక్కరోజులో బయటపడుతుంది. డిప్‌స్టిక్ తీసి వాసన చూశాను, పెట్రోలు వాసన స్పష్టంగా తెలిసింది.

దాన్నిబట్టి రెండు సంగతులు తేలాయి. ఆయన చెప్పే "ఇన్ని కి.మీ.కు ఇంత" లెక్క మీద ఆధారపడలేం. నేను కొలిచినా సరే, లాంగ్ డ్రైవ్ తర్వాతే కొలవాలి.

ముందు కొలత

కొన్ని కంపెనీల మాన్యువల్స్‌లో వెయ్యి కి.మీ.కు లీటరు దాకా మామూలే అని రాసి ఉంటుంది. వారంటీ గొడవల్లో ఆ అంకె కంపెనీకి పనికొస్తుందేమో గానీ, ఇంజిన్ ఆరోగ్యం గురించి అది చెప్పేది తక్కువ. నిన్నటిదాకా వంద మి.లీ. తాగిన ఇంజిన్ ఇవాళ ఎనిమిది వందలు తాగుతుంటే, మాన్యువల్ ఏం చెప్పినా లోపల ఏదో మారినట్టే.

డిప్‌స్టిక్‌తో ఎంత జాగ్రత్తగా చూసినా వంద మి.లీ. అటూ ఇటూ అవుతుంది. అందుకే తూకం వేస్తాను. మామూలు గ్రేడు కొత్త ఆయిల్, కొత్త ఫిల్టర్ వేసి, ఇంజిన్ వేడిచేసి ఆపి, అరగంట సేపు ఆయిలంతా దింపి తూచాను. అదే ఆయిల్ తిరిగి పోశాను. డ్రెయిన్ బోల్టు, ఫిల్లర్ మూత, డిప్‌స్టిక్, మధ్యలో ఎవరైనా తెరిస్తే తెలిసేలా మూడింటి మీదా పెయింటు చుక్క పెట్టాను. వెయ్యి కి.మీ. తిరిగాక, చివరి 150 కి.మీ. హైవే మీద నడిపించి, అదే పద్ధతిలో మళ్లీ దింపి తూచాను. లోపల అంటుకుని మిగిలిపోయే ఆయిల్ రెండుసార్లూ దాదాపు ఒకటే ఉంటుంది కాబట్టి ఆ తేడా కొట్టుకుపోతుంది. లీటరు ఆయిల్ సుమారు 850 గ్రాములు. తగ్గింది 780 గ్రాములు, అంటే 920 మి.లీ. దగ్గర.

ఇంత పోతుంటే పొగ ఎందుకు కనిపించదని ఓనరు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. ఆయనకు లెక్క వేసి చూపించాను. ఆ వెయ్యి కి.మీ.లో కాలిన పెట్రోలు దాదాపు 70 లీటర్లు. దాని పక్కన ఈ ఆయిల్ ఒకటింపావు శాతం. ఇంకోలా చూస్తే, సగటున గంటకు 40 కి.మీ. వేగం, 2000 ఆర్‌పీఎం అనుకుంటే వెయ్యి కి.మీ.లో ఇంజిన్ ముప్పై లక్షల చుట్లు తిరుగుతుంది. నాలుగు సిలిండర్లూ కలిపి అరవై లక్షల సార్లు మండుతాయి. ఒక్కో మంటకు వాటాగా వచ్చేది 0.15 ఘనపు మి.మీ. ఆయిల్, గుండుసూది తలకంటే తక్కువ. సైలెన్సర్ దారిలో పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ వేడెక్కాక అందులో చాలా భాగం కాల్చేస్తుంది. సైలెన్సర్ వెనక పొగ లేదని లోపల ఆయిల్ కాలడం లేదనుకోవడం పాత బళ్ల నాటి లెక్క.

లీకు సంగతి త్వరగానే తేలింది. కింది కవరు విప్పి, అంతా కడిగి, ఆయిల్‌లో యూవీ లైటుకు మెరిసే డై కలిపి రెండు వందల కి.మీ. తర్వాత ఆ లైటు వేసి చూశాను. పొడిగా ఉంది. కూలెంట్ మట్టం తగ్గలేదు, అందులో ఆయిల్ చారలు లేవు. టర్బో లేదు గనుక ఆ దారీ లేదు. ఇక మిగిలినవి మూడు: పీసీవీ (ఇంజిన్ లోపలి ఆవిర్లను ఇన్‌టేక్‌లోకి పంపే వాల్వ్), వాల్వ్ సీల్స్ (వాల్వు కాడ వెంట ఆయిల్ కిందికి జారకుండా ఆపేవి), రింగులు (పిస్టన్ చుట్టూ ఉండేవి).

మొదటి ప్రయత్నం: పీసీవీ

థ్రాటిల్ బాడీ వెనక గొట్టంలో వేలు పెడితే తడి తగిలింది. పీసీవీ వాల్వ్ ఊపితే సరిగ్గా టకటకలాడలేదు, బిగుసుకున్నట్టుంది. చవకైన భాగం, పావుగంట పని, అనుమానానికి ఆధారం కూడా ఉంది. మార్చాను. మళ్లీ వెయ్యి కి.మీ., మళ్లీ తూకం. 890 మి.లీ.

ముప్పై మి.లీ. తేడా నా కొలతలోని పొరపాటుకే సరిపోతుంది. తూకం లేకపోతే ఇక్కడే "కొంచెం తగ్గిందండీ" అని చెప్పి ఉండేవాణ్ని, ఓనరు కూడా నమ్మేవారు. మందపాటి ఆయిల్‌తో "తగ్గినట్టు అనిపించింది" అన్నది కూడా ఇలాంటిదే అయి ఉంటుందని నా అనుమానం.

రెండో ప్రయత్నం: ఇక్కడే తప్పటడుగు

నాలుగు సిలిండర్ల కంప్రెషన్ చూశాను: 178, 174, 176, 180 పీఎస్‌ఐ. లీక్‌డౌన్ 7 నుంచి 11 శాతం (సిలిండర్‌లోకి ఎక్కించిన గాలిలో బయటికి పోయే వాటా). ఇంత తిరిగిన ఇంజిన్‌కు ఇవి మంచి అంకెలు. రింగులు బాగున్నాయని రాసుకున్నాను.

తర్వాత పొడుగాటి దిగుడు మీద గేరులోనే ఉంచి, యాక్సిలరేటర్ పూర్తిగా వదిలేసి కిందికి వచ్చి, ఒక్కసారిగా తొక్కాను. వెనక బండిలో ఉన్న మా కుర్రాడు ఫోన్ చేసి, "అన్నా, నీలం పొగ ఒక్క తడవ వచ్చింది" అన్నాడు. ఈ పనిలోకి వచ్చిన రోజుల్లో నేను నేర్చుకున్న పాఠం: దిగుడు తర్వాత పొగ వస్తే వాల్వ్ సీల్స్, ఎక్కుడులో వస్తే రింగులు. కంప్రెషన్ బాగుంది, దిగుడు పొగ వచ్చింది. ఇంకేముంది, సీల్సే.

హెడ్ దించకుండా, సిలిండర్‌లోకి గాలి ఎక్కించి వాల్వులు కింద పడకుండా ఆపి, పదహారు సీల్సూ మార్చాం. రెండు రోజుల పని. పాతవి చేతిలోకి తీసుకుంటే ప్లాస్టిక్ ముక్కల్లా గట్టిగా ఉన్నాయి, గోరుతో నొక్కితే కొంచెం కూడా వంగలేదు. దొంగ దొరికాడని షెడ్డులో అందరం సంబరపడ్డాం. ఓనరుకు వాటిని ఒక కవర్లో వేసి మరీ చూపించాను.

వెయ్యి కి.మీ. తర్వాత తూకం: 780 మి.లీ.

ఆ సీల్స్ గట్టిపడినమాట నిజం. వాటి వాటా బహుశా వందో నూటపదో మి.లీ. ఉండొచ్చు. అయితే ఒక భాగం అరిగిపోయి కనిపించినంత మాత్రాన జబ్బుకు అదే కారణమని తేలిపోదు. 1,28,000 కి.మీ. తిరిగిన ఇంజిన్‌లో దేన్ని విప్పి చూసినా ఎంతోకొంత అరుగుదల కనిపిస్తుంది. ఓనరును పిలిచి, నా అంచనా తప్పిందని, ఈ పనికి లేబర్ తీసుకోనని చెప్పాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఇప్పుడైనా కరెక్టుగా తెలుసా?" అని అడిగారు. తెలియదన్నాను. వారం టైం అడిగాను.

నోట్‌బుక్ మళ్లీ చదివితే

ఆ రాత్రి మొదటి పేజీనుంచీ చదివాను. మూడు విషయాలు కనిపించాయి.

ఒకటి, రాత్రంతా ఆగిన ఇంజిన్‌ను పొద్దున స్టార్ట్ చేసినప్పుడు పొగ రాలేదని రాసి ఉంది. సీల్స్ ఇంత ఆయిల్ వదిలేంత పాడైతే, రాత్రంతా ఆ ఆయిల్ వాల్వు కాడ వెంట జారి కింద చేరుతుంది, పొద్దున మొదటి స్టార్టుకు పొగ కొడుతుంది. ఇక్కడ కొట్టలేదు.

రెండు, ప్లగ్గుల మీద తెల్లటి బూడిద పొర 2, 3 సిలిండర్లలోనే ఉంది. 1, 4 మామూలుగా ఉన్నాయి. సీల్స్ వయసుతోనూ వేడితోనూ గట్టిపడతాయి, గట్టిపడితే అన్నీ గట్టిపడతాయి. విప్పినప్పుడు చూసిందీ అదే, పదహారూ ఒకేలా ఉన్నాయి. మరి రెండు ప్లగ్గులకే బూడిద ఎందుకు పట్టింది? నాకు రావాల్సిన ప్రశ్న. రాలేదు.

మూడోది నా పాత పాఠంలోనే ఉన్న లోపం. యాక్సిలరేటర్ వదిలి దిగుతున్నప్పుడు థ్రాటిల్ (గాలి తలుపు) మూసుకుని, సిలిండర్లకు గాలి పంచే మానిఫోల్డ్‌లో వాక్యూమ్ బాగా పెరుగుతుంది. ఆ వాక్యూమ్ పోర్టులోనే ఆగదు. ఇన్‌టేక్ వాల్వు తెరుచుకుంటే పిస్టన్ పైభాగంలో కూడా అదే వాక్యూమ్. పిస్టన్ కింద మాత్రం దాదాపు బయటి గాలి ఒత్తిడే ఉంటుంది. కింద ఎక్కువ, పైన తక్కువ. రింగులు ఆయిల్‌ను వదిలేస్తుంటే అది పైకి లాక్కుపోవడానికి ఇంతకంటే మంచి అదను ఉండదు. కాబట్టి దిగుడు పొగ సీల్స్‌కూ వస్తుంది, రింగులకూ వస్తుంది. రెంటిలో ఏదో అది చెప్పదు.

కంప్రెషన్ సంగతీ అంతే. పిస్టన్‌కు మూడు రింగులుంటాయి. ఒత్తిడిని పట్టి ఉంచేవి పై రెండు. కింది ఆయిల్ రింగు పని గోడ మీది ఆయిల్‌ను గీకి, తన వెనకున్న గాడిలోని చిన్న రంధ్రాల గుండా చాంబర్‌కు పంపడం. అది పూర్తిగా గాడిలో అతుక్కుపోయినా కంప్రెషన్ గేజీకి తెలియదు. పైగా గోడ మీద ఆయిల్ ఎక్కువ ఉంటే పై రింగులకు సీలింగ్ ఇంకా బాగా కుదిరి అంకె మెరుగ్గానే చూపిస్తుంది. "రింగులు బాగున్నాయి" అని రాసిన చోట నేను రాయాల్సింది "పై రెండు రింగులు బాగున్నాయి" అని.

పొద్దున్నే ప్లగ్గులు తీసి బోరోస్కోప్ (సన్నటి గొట్టం కొసన ఉండే కెమెరా) దింపాను. 1, 4 పిస్టన్ల తల మీద నల్లటి మసి ఒకేలా పరుచుకుని ఉంది. 2, 3 పిస్టన్ల అంచు చుట్టూ మసి కొట్టుకుపోయి లోహం మెరుస్తోంది, ఆయిల్ తడి కనిపిస్తోంది. రింగుల దారిన పైకొచ్చే ఆయిల్ అంచును ఇలా కడుగుతుంది. గోడల మీద నిలువు గీతలు లేవు, తయారీలో వేసిన అడ్డగీతలు ఇంకా స్పష్టంగా ఉన్నాయి. బోరు (సిలిండర్ లోపలి గోడ) అరగలేదు, రింగు ఇరుక్కుంది. ఇరవై నిమిషాల పని. సీల్స్‌కు ముందే చేసి ఉంటే రెండు రోజులు మిగిలేవి.

విప్పాలా, నానబెట్టాలా

బోరు బాగున్నప్పుడు వెంటనే ఇంజిన్ విప్పడానికి మనసొప్పలేదు. పట్టింది మసే అయితే కరిగించి చూడొచ్చు. నాలుగు పిస్టన్లనూ దాదాపు మధ్య ఎత్తుకు తెచ్చి, ప్లగ్గు రంధ్రాల గుండా మసి కరిగించే ద్రావకం పోసి రాత్రంతా వదిలాను. మూడు రాత్రులు ఇలాగే. ప్రతిసారీ మిగిలినది సిరంజితో లాగేసి, ఇంధనమూ స్పార్కూ కట్ చేసి, ప్లగ్గులు లేకుండానే క్రాంక్ తిప్పి బయటికి కొట్టించాను. ఇది మాత్రం ఎవరూ మరిచిపోకూడదు. లోపల ద్రవం ఉండగా ప్లగ్గులు బిగించి స్టార్ట్ చేస్తే అది నొక్కుకుపోదు, కనెక్టింగ్ రాడ్డే వంగుతుంది. కిందికి కారిన ద్రావకం ఆయిల్‌ను పలచన చేస్తుంది కనుక ఆయిల్, ఫిల్టర్ కూడా మార్చాను.

మొదటి వెయ్యికి 560, రెండో వెయ్యికి 540. తగ్గుదల నిజమే, కొలత పొరపాటు కాదు. కానీ అక్కడే ఆగిపోయింది. ఇంకోసారి నానబెట్టినా 530. ద్రావకం చేరగలిగిన చోట పని చేసింది, గాడి వెనక రంధ్రాల్లో గట్టిపడిన మసి దాకా చేరలేదు అనుకున్నాను.

ఇక ఓనరుతో కూర్చుని మాట్లాడాల్సిన సమయం. అర లీటరు చొప్పున పోసుకుంటూ నడపడం కూడా ఒక దారే, అందులో తప్పేమీ లేదని చెప్పాను. కానీ ఆయిల్‌లోని ఫాస్ఫరస్ కాలి క్యాటలిటిక్ కన్వర్టర్ మీద పొరలా పేరుకుంటుంది, అది మెల్లగా చచ్చిపోతుంది. ఒకరోజు డిప్‌స్టిక్ చూడటం మరిచిపోతే బేరింగులే పోతాయి. ఇంకో ఇంజిన్ తెచ్చి పెట్టడానికి నేను ఒప్పుకోలేదు. దాని చరిత్ర తెలియదు, అందులోనూ ఇవే పిస్టన్లు ఉంటాయి. బండిని ఇంకో ఐదారేళ్లు ఉంచుకుంటానన్నారు. అలాగైతే విప్పుదామన్నాను.

విప్పాక

2, 3 పిస్టన్ల ఆయిల్ రింగులు వేలితో కదలలేదు. మూడో దాన్ని గాడిలోంచి ముక్కలుగా తీయాల్సి వచ్చింది. గాడి వెనక రంధ్రాలు చిన్నవి, తక్కువ, అన్నీ గట్టి మసితో మూసుకుపోయాయి. 1, 4లో రింగులు కదిలాయి గానీ రంధ్రాలు సగం మూసుకున్నాయి, వాటి వంతు రావడానికి ఎక్కువ కాలం పట్టేది కాదు. మధ్య సిలిండర్లకు రెండు పక్కలా వేడి సిలిండర్లే ఉంటాయి, ముందు అవే పట్టడంలో వింత లేదు.

మైలేజీ కోసం ఈ కాలపు ఇంజిన్లలో ఆయిల్ రింగుల బిగువు తగ్గిస్తున్నారు. రాపిడి తగ్గుతుంది, నిజమే. కానీ బిగువు తక్కువున్న రింగు కాస్త మసి పట్టినా గోడకు ఆనడం మానేస్తుంది. ఇలాంటి రింగున్న ఇంజిన్‌లో, చిన్న దూరాల వాడకంతో, ఆయిల్‌ను 20,000 కి.మీ. దాకా లాగితే ఏమవుతుందో మా బల్ల మీద ఉంది. 20డబ్ల్యూ-50 కూడా ఎందుకు పని చేయలేదో ఇక్కడ అర్థమైంది. సగం మూసుకున్న రంధ్రం గుండా చిక్కటి ఆయిల్ ఇంకా నెమ్మదిగా దిగుతుంది.

బోరు కొలిస్తే అరుగుదల 0.02 మి.మీ., గుండ్రం తప్పింది 0.01 లోపే. బోరింగ్ అక్కర్లేదు. తేలిగ్గా హోనింగ్ చేసి (గోడల మీద రాయితో సన్నటి అడ్డగీతలు వేసి), గోడలను వేడి సబ్బునీళ్లతో కడిగాం. పెట్రోలుతో తుడిస్తే హోనింగ్ పొడి గీతల్లోనే ఉండిపోతుంది. తెల్లగుడ్డ తెల్లగానే వచ్చేదాకా కడిగి, వెంటనే ఆయిల్ పూశాం. ఇదే ఇంజిన్‌కు తర్వాత వచ్చిన పిస్టన్లలో రంధ్రాలు పెద్దవి, ఎక్కువ. అవే వేశాం. పాతవి శుభ్రం చేసి కొత్త రింగులతో పెట్టొచ్చు, ఖర్చు తగ్గేది, కానీ అవే రంధ్రాలతో మళ్లీ అదే కథ. కొత్త బేరింగులు, కొత్త రాడ్ బోల్టులు. ఆయిల్ రింగు ఎక్కించేటప్పుడు మధ్య స్ప్రింగు కొసలు ఒకదాని మీదికి ఒకటి ఎక్కకుండా నేనే నాలుగూ చూశాను. ఆ ఒక్క పొరపాటుకు మొత్తం పని వృథా అయిన ఇంజిన్‌ను ఇంతకుముందు చూశాను.

మొదటి వెయ్యి కి.మీ. ఎక్కువసేపు ఐడిల్‌లో ఉంచొద్దని, ఒకే వేగంతో పోవద్దని, కాస్త తొక్కుతూ వదులుతూ నడపమని చెప్పాను. రింగు గోడకు కూర్చోవాలంటే వెనకనుంచి ఒత్తిడి తగలాలి. ఆ వెయ్యికి 190 మి.లీ. రెండో వెయ్యికి 60. ఆ తర్వాత తూకం మానేసి డిప్‌స్టిక్‌కే వచ్చాం. ఆయిల్ మార్పు 7,000 కి.మీ.కు కుదించాను.

ఇప్పుడు షెడ్డులో ఆయిల్ కేసుకు నేను పాటించే వరుస మారింది. లాంగ్ డ్రైవ్ తర్వాత తూకం, తర్వాత లీకు, ఆ వెంటనే ప్లగ్గులు, బోరోస్కోప్. వాటి తర్వాతే స్పానర్. ఏ లక్షణం కనిపించినా నోట్‌బుక్‌లో దాని పక్కన "ఇది ఇంకా దేనికి వస్తుంది?" అని ఒక గడి గీసుకున్నాను. దిగుడు పొగ పక్కన ఇప్పుడు రెండు పేర్లున్నాయి.

మొన్న 9,000 కి.మీ. తర్వాత బండి సర్వీసుకు వచ్చింది. డిప్‌స్టిక్ మీద మట్టం రెండు గీతల మధ్య, కొంచెం పైకే ఉంది. క్యాటలిటిక్ కన్వర్టర్ వెనకున్న ఆక్సిజన్ సెన్సర్ గ్రాఫ్ మాత్రం నాకు నచ్చలేదు, నిలకడగా ఉండాల్సింది ముందు సెన్సర్‌తో పాటు ఊగడం మొదలుపెట్టింది. అన్నాళ్లు కాలిన ఆయిల్ క్యాటలిటిక్ కన్వర్టర్‌ను కొంత తినేసినట్టుంది. ఎర్రర్ కోడ్ ఇంకా రాలేదు. ఆ గ్రాఫ్‌ను ఓనరుకు చూపించి, వచ్చే సర్వీసులో మళ్లీ చూద్దామని రాసుకున్నాను.